హౌస్‌ఫుల్ ప్రకటనలు (ఆంధ్రదేశం)

టికెట్టు పెట్టి ఆడే నాటకం, సినిమా లేదా సంగీత విభావరికి సీట్లన్నీ అమ్ముడుపోయాయని నిర్వాహకులు చాటుకోవడాన్ని హౌస్‌ఫుల్ ప్రకటన అంటారు. పన్ను అధికారులు టికెట్లను లెక్కపెట్టినంత కాలం ఈ మాటను సరిచూసుకోవడానికి ఒక కాగితమంటూ ఉండేది. ఆ తరువాత ఇది చాలావరకు ప్రచార సామగ్రిగా మిగిలింది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా కంబదూరు, కళ్యాణదుర్గం ప్రాంతాన్ని కలుపుకొన్న రాయలసీమవి. సినిమా వ్యాపారంలో ఈ ప్రాంతానికి నేటికీ ‘సీడెడ్’ అనే పేరు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలు కావడంతో అది స్థిరపడింది.

టికెట్టు రాకముందు

శతాబ్దాల పాటు వీధి భాగవతులను, తోలుబొమ్మలాటగాళ్లను ఊళ్లే పోషించాయి. ధాన్యం, బట్టలు, చదివింపులే వారి ఆదాయం కాబట్టి అమ్ముడుపోయే సీట్లంటూ లేవు.

నాటక సమాజాలు

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి వెళ్లాక, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ప్రదర్శనతో సురభి నాటక సంస్థ పుట్టింది. సీమలో అసలు కేంద్రం బళ్లారి. 1882 దాకా అనంతపురం ప్రాంతం కూడా ఆ జిల్లాలో భాగమే. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభను స్థాపించారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ దానికి దీటుగా నిలిచింది. తాడిపత్రిలో పుట్టి వకీలుగా పేరు తెచ్చుకున్న బళ్లారి రాఘవ (1880-1946) ఈ వాతావరణంలోనే ఎదిగారు. నాటకాన్ని బతుకుతెరువు చేసుకోకుండా, సహాయ నిధుల కోసం ఉదారంగా ప్రదర్శనలిచ్చిన మహానటుడు ఆయన.

వసూలు లెక్కను వ్యాపారంగా మార్చినవి కాంట్రాక్టు నాటకాలు. ఇక్కడ సమాజం ఉండదు, కాంట్రాక్టరు ఉంటాడు. ఒక్క రాత్రి ఆటకు పేరున్న నటులను తలో చోటి నుంచి పిలిపించి, అడ్వాన్సులిచ్చి, కరపత్రాలు పంచి, టికెట్లు అమ్ముకొనేవాడు. లాభమైనా నష్టమైనా అతనిదే. ఒకే నాటకంలో పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు కనిపించడం ఈ పద్ధతి చలవే. బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటివారి పేరు కరపత్రం మీద ఉంటే చాలు, పందిరి నిండుతుందని నమ్మకం. పందిట్లో సీట్లకు నెంబర్లుండవు కాబట్టి ఎంతమంది పడితే అంత హౌసు.

అనంతపురం పల్లెల్లో జాతరకు ఊరివాళ్లే వేషాలు కట్టి, హార్మోనియం మేష్టరును, స్త్రీ పాత్రధారిణులను డబ్బిచ్చి పిలిపించుకొని ఆడే పద్యనాటకానికి మాత్రం టికెట్టు అంటలేదు. అక్కడ ఖర్చు పెట్టేది నటుడే, ఉచితంగా చూసేది ఊరు.

సినిమా హాళ్లు

విజయవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు కట్టించిన మారుతీ టాకీసును ఆంధ్రలో తొలి సినిమా హాళ్లలో ముఖ్యమైనదిగా చెబుతారు. చిన్న ఊళ్లకు టూరింగ్ టాకీసులు నేల, బెంచి, కుర్చీ తరగతులతో వెళ్లాయి. డేరాలో నేల టికెట్టుకు హద్దు లేదు.

1939లో మద్రాసు ప్రభుత్వం వినోదపు పన్ను చట్టం తెచ్చింది. పన్ను టికెట్టును బట్టి ఉండేది కనుక వరుస నెంబర్లు, ముద్రలు, తనిఖీలు వచ్చాయి. ఆట ముగిశాక హాలు మేనేజరు రాసే డైలీ కలెక్షన్ రిపోర్టును (డి.సి.ఆర్.) పంపిణీదారు తరఫున వచ్చిన రిప్రజెంటేటివ్ సరిచూసి సంతకం చేసేవాడు. డి.సి.ఆర్.లో ఎన్ని టికెట్లు తగ్గితే అంత పన్ను మిగులుతుంది, పంపిణీదారుకు వెళ్లే వాటా కూడా తగ్గుతుంది. అందువల్ల గేటు దగ్గర చింపకుండా దాచిన టికెట్టు మళ్లీ కౌంటరుకు చేరేది. గేటు బయట హౌస్‌ఫుల్ బోర్డు, లోపలి కాగితంలో ఖాళీ సీట్లు: ఒకే ఆటకు రెండు లెక్కలు. బోర్డు పూర్తి అబద్ధమని మాత్రం అనలేం. ఒక తరగతి నిండినా దాన్ని తగిలించేవారు. టికెట్ల కట్టలు పక్క దారిన బ్లాకు మనుషుల చేతికి వెళ్లాక కూడా అదే బోర్డు.

1980ల తొలి అర్ధంలో వచ్చిన శ్లాబ్ పద్ధతి ఈ చరిత్రలో పెద్ద మలుపు, అయినా తగినంత చర్చకు రాలేదు. అన్ని సీట్లూ నిండితే ఎంత వస్తుందో ఆ ‘గ్రాస్ కలెక్షన్ కెపాసిటీ’ మీద పన్ను కట్టే ఏర్పాటు ఇది. జనం వచ్చినా రాకున్నా కట్టాల్సింది ఒకటే. చట్టం దృష్టిలో ప్రతి ఆటా హౌస్‌ఫుల్లే! హాలువారికి వేధింపులు తగ్గాయి, ఖజానాకు ఆదాయం ఖాయమైంది. కానీ టికెట్లు లెక్కపెట్టవలసిన అవసరం సర్కారుకు తీరిపోయింది.

లెక్క తప్పాక రోజులే కొలమానమయ్యాయి. ‘పాతాళభైరవి’ (1951), ‘లవకుశ’ (1963) కాలం నుంచి శతదినోత్సవాలున్నా, ‘అడవి రాముడు’ (1977) నాలుగు కేంద్రాల్లో 365 రోజులు ఆడిందన్న ప్రకటన తరువాత అభిమానుల పోటీ ముదిరింది. హాలు మార్చి ఆడిస్తే ‘షిఫ్టింగ్’, రోజుకొక్క ఆట వేస్తే ‘నూన్ షో’. రెండూ వందరోజుల పోస్టరులో కలిసిపోతాయి. సీడెడ్ ఇందులో ముందుంది. ‘పోకిరి’ (2006) కర్నూలులో 580 రోజులు, ‘లెజెండ్’ (2014) ప్రొద్దుటూరులో వెయ్యి రోజులకు పైగా ఆడినట్టు ప్రకటనలు వెలువడ్డాయి. ఇవి ఎన్నాళ్లు బొమ్మ వేశారో చెబుతాయి, ఎంతమంది చూశారో చెప్పవు. విడుదలలు వందల హాళ్లకు విస్తరించి ఆట పది రోజుల్లో ముగుస్తుండటంతో, పోస్టరుపైకి కోట్ల ‘గ్రాస్’ ఎక్కింది. పన్ను, హాలు అద్దె పోగా పంపిణీదారుకు చేరేది ‘షేర్’. అది పోస్టరు మీద అరుదుగా కనిపిస్తుంది.

అమెరికాలో వసూళ్లను ఒక ప్రైవేటు సంస్థ హాళ్ల నుంచి నేరుగా సేకరిస్తుంది కనుక, ‘దూకుడు’ (2011) అక్కడ పది లక్షల డాలర్లు దాటిన నాటి నుంచి తెలుగు పత్రికలు ప్రవాస లెక్కనే ఎక్కువగా నమ్ముతున్నాయి.

ఆన్‌లైన్ కాలం

2017 జూలై 1న జి.ఎస్.టి. రావడంతో పన్ను మళ్లీ టికెట్టు వెంట నడిచింది. 2021 ఏప్రిల్ 8 నాటి జి.ఓ. 35 ఆంధ్రప్రదేశ్‌లో ధరలు కట్టడి చేసింది. కంబదూరు వంటి గ్రామ పంచాయతీ స్థాయిలో ఏ.సి. లేని హాలుకు కనిష్ఠ ధర 5 రూపాయలుగా ఉండేది. వివాదం తరువాత 2022 మార్చి 7న జి.ఓ. 13 ధరలు పెంచింది. వసూళ్లలో పారదర్శకత కోసమంటూ టికెట్లన్నీ ప్రభుత్వ గేట్‌వే ద్వారా అమ్మించే ఏర్పాటు కూడా తలపెట్టారు. దానికి సంబంధించిన జి.ఓ. 69పై 2022 జూలై 1న హైకోర్టు స్టే ఇచ్చింది.

బుకింగ్ యాప్‌లో సీట్ల పటం అందరికీ కనిపించడంతో పరిశీలన సులువైంది, తారుమారు కూడా. అభిమాన సంఘాలో, నిర్మాతకు కావలసినవారో టోకున సీట్లు కొంటే పటం నిండినట్టు కనిపిస్తుంది. దీన్ని అభిమానులే ‘ఫీడింగ్’ అంటారు. డబ్బు చెల్లింది కనుక అది అమ్మకమే, కానీ హాల్లో మనిషి ఉండడు.

సంగీత విభావరులు

కచేరీల్లో మతలబు వేరు. సినిమా హాలుకు లైసెన్సులో సీట్ల సంఖ్య ఉంటుంది. మైదానంలో దాన్ని వేదిక స్థలం, బారికేడ్లు, అనుమతులను బట్టి నిర్వాహకుడే నిర్ణయిస్తాడు. స్పాన్సర్లకు, అతిథులకు పాసులు పక్కన పెట్టి, మిగిలినవి విడతలుగా వదులుతాడు. మొదటి విడత అయిపోగానే ‘సోల్డ్ ఔట్’ అంటాడు, వారం తరువాత ‘అదనపు టికెట్లు’ వస్తాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2016 నివేదిక ప్రకారం పెద్ద కచేరీల్లో సగటున 46 శాతం టికెట్లే సామాన్యుల అమ్మకానికి వచ్చాయి. 38 శాతం ముందస్తు అమ్మకాలకు, 16 శాతం పరిశ్రమవారికి పోయాయి. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే సంగీత బృందం ముంబయి ప్రదర్శనల టికెట్లు అమ్మకానికి రాగానే అయిపోయి, పునర్విక్రయ సైట్లలో అనేక రెట్ల ధరకు కనిపించాయి. దీనిపై పోలీసు ఫిర్యాదులు, ఈ.డి. సోదాలు జరిగాయి.

తెలుగునాట స్టేడియం కచేరీలు ఈ మధ్యే పెరిగాయి. 2024 అక్టోబరు 19న హైదరాబాదులో సంగీత దర్శకుడు దేవిశ్రీప్రసాద్, 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో తలసేమియా బాధితుల సహాయార్థం మరో సంగీత దర్శకుడు తమన్ విభావరులు నిర్వహించారు. ఇలాంటి ప్రదర్శనలకు పాసులెన్ని, అమ్మకానికి పెట్టినవెన్ని అని విడివిడిగా చెప్పే అలవాటు నిర్వాహకుల్లో ఇంకా ఏర్పడలేదు.