కొండ మీద పుట్టిన కరెంటు, కొండకి రాని వాటా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

రాజాంలో చదివే మనవాళ్లకి జీఎంఆర్ పేరు కొత్త కాదు. జీఎం రావు గారిది రాజామే. జూట్ మిల్లుతో మొదలై పవర్ ప్లాంట్లు, ఎయిర్‌పోర్టుల దాకా వెళ్లారు. 1997లో ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, ఆసుపత్రి కూడా వచ్చింది. ఊరికి మేలు జరిగింది, కాదనం. కానీ ఆ కంపెనీ కరెంటు తయారుచేసింది రాజాంలో కాదు. చెన్నై, వేమగిరి, ఒడిశాలోని కమలాంగ లాంటి చోట్ల. రాజాంకి ఇవన్నీ వచ్చింది యజమాని సొంతూరు కాబట్టి. మరి యజమాని ఎవరికీ చుట్టం కాని చోట, కరెంటు పుట్టే ఊరికి ఏం రావాలి?

ఈ ప్రశ్నకి మన కొండల్లో పాత జవాబు మాచ్‌ఖండ్. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం దగ్గర 1955లో కరెంటు తీయడం మొదలుపెట్టారు. పరిశోధకుల లెక్క ప్రకారం 2,938 కుటుంబాలు ఊళ్లు వదిలాయి. అందులో సగానికి పైగా ఆదివాసీలే. పునరావాసం దొరికింది సుమారు 600 కుటుంబాలకి. కరెంటు మాత్రం కొండ దిగి మైదానానికి వెళ్లిపోయింది. అప్పుడు వాటా అనే మాటే లేదు. ఉన్నదల్లా నష్టపరిహారం, అదీ కొందరికే.

చాలా ఏళ్ల తర్వాత, 2008 జలవిద్యుత్ విధానంలో ఆ మాట కాగితం మీదకి వచ్చింది. స్థానిక అభివృద్ధి నిధి కోసం అదనంగా 1 శాతం ఉచిత విద్యుత్తు, నష్టపోయిన ప్రతి కుటుంబానికి పదేళ్లపాటు నెలకి 100 యూనిట్లు అని రాశారు.

ఇప్పుడు మన వైపు వస్తున్నవి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు. పార్వతీపురం మన్యం జిల్లాలో కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్లకి 2022లో అదానీ కంపెనీకి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కింద ఒక రిజర్వాయరు, పైన ఒకటి. కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నీళ్లు పైకి తోడతారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

అసలు విషయం ఇక్కడుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రకం ప్రాజెక్టులకి ఉచిత విద్యుత్తు బాధ్యత తీసేశాయి, స్థానిక అభివృద్ధి నిధి కూడా అక్కర్లేదన్నాయి. ఇవి కొత్తగా కరెంటు పుట్టించవు, నిల్వ మాత్రమే చేస్తాయి, ఊళ్లు పెద్దగా కదలవు అన్నది వాళ్ల వాదన. నిల్వ సంగతి నిజమే. కానీ రిజర్వాయరుకి కావలసిన నేల, అడవి, నీళ్లు ఎవరివి? అంటే కాగితం మీదైనా వచ్చిన వాటా మన కొండకి చేరేలోపే పోయింది.

ఇక మిగిలేది సీఎస్సార్. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఎక్కడ పెట్టాలో ఊరు చెప్పలేదు, కంపెనీ బోర్డు తేలుస్తుంది.

వాటా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 1997 జూలై 11న సమతా తీర్పులో సుప్రీంకోర్టు, ఏజెన్సీ గనుల నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలంది. అది గనుల గురించే, అయినా ఆ ఆలోచన మనకి దారి చూపిస్తుంది. కెనడాలోని ఒంటారియోలో వతేనికనేయాప్ విద్యుత్ లైన్ల కంపెనీలో 24 ఆదివాసీ తెగల సంఘాలకి 51 శాతం యాజమాన్యం ఉంది.

మన చేతిలో ఉన్నది గ్రామసభ. 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలి. మీ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందో లేదో ముందే చూసుకోండి. మన జిల్లాల్లో చాలా ఆదివాసీ ఊళ్లు బయటే ఉండిపోయాయి. సభలో ఉద్యోగాలిస్తాం అంటే, కట్టడం అయిపోయాక ఎన్ని మిగులుతాయో అడగండి. బడి కడతాం అంటే సంతోషమే, కానీ ఏటా వచ్చే ఆదాయంలో ఊరికి ఎంత, ఎన్నేళ్లు అని కూడా అడగండి. జవాబు మాటల్లో కాదు, తీర్మానంలో రాయించండి. సంతకం పడ్డాక అడిగితే వినేవాళ్లు ఉండరు.

జై ఆదివాసీ.