ఆటోకి పేరు పెట్టిన డేటాసెట్: ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కథ

ఈ ఎపిసోడ్ హిమాయత్‌నగర్‌లో మా రూమ్‌లోనే రికార్డ్ చేస్తున్నా. వెనక హారన్లు వినిపిస్తే సర్దుకోండి, ఇవాళ్టి టాపిక్ కూడా అవే రోడ్లు. కిందికి దిగి నారాయణగూడ చౌరస్తా దాకా నడిస్తే, రోడ్డు ఎక్కడ అయిపోయిందో, ఫుట్‌పాత్ ఎక్కడ మొదలైందో చెప్పడం మనకే కష్టం. మరి కారుకి బిగించిన కెమెరాకి ఎట్లా తెలియాలి?

2016లో జర్మనీ నుంచి సిటీస్కేప్స్ అనే డేటాసెట్ వచ్చింది. డైమ్లర్ కంపెనీ, మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్, డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీ కలిసి చేసిన పని. 50 నగరాల వీధుల ఫొటోల్లోంచి 5,000 తీసుకుని, ఒక్కోదాంట్లో ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు పెట్టారు. డ్రైవర్ లేని కార్ల రీసెర్చ్‌కి అదొక కొలబద్ద అయిపోయింది. కానీ ఆ పేర్లలో ఆటో లేదు, జంతువు లేదు.

2018లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తెచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో కారు ముందు కెమెరా పెట్టి 182 సార్లు తీసిన డ్రైవ్‌లు, దాదాపు 10,000 ఫొటోలు, 34 రకాల పేర్లు. ఆటోకి పేరుంది, జంతువుకి పేరుంది. నాకు బాగా నచ్చింది ఇంకోటి: 'డ్రైవబుల్ ఫాల్‌బ్యాక్'. అంటే అది రోడ్డు కాదు, కానీ అవసరమైతే బండి దిగిపోవచ్చు. మన తారు పక్కన మట్టి అంచన్నమాట! అప్పటికి బెస్ట్ అనిపించుకున్న మోడల్స్‌కి సిటీస్కేప్స్ మీద వచ్చిన మార్కులు దీని మీద రాలేదు, చాలా తగ్గిపోయాయి.

అసలు ఈ కాలేజీకి కంపెనీలతో స్నేహం పుట్టుకతోనే ఉంది. 1998లో ప్రభుత్వం, పరిశ్రమ కలిసి లాభాపేక్ష లేకుండా పెట్టిన సంస్థ. మొదట్లో లోపల ఐబీఎం, సత్యం లాంటి కంపెనీల పేర్లతోనే స్కూళ్లుండేవి. తొలి డైరెక్టర్ రాజీవ్ సంగల్ హయాంలో రీసెర్చ్ సెంటర్లు వచ్చాయి. ఇది చిన్న మార్పు కాదు. స్కూలైతే కంపెనీకి ఉద్యోగిని తయారుచేసి ఇస్తుంది, సెంటర్ దాని ప్రశ్న అది వేసుకుంటుంది.

ఆ సంస్థ గవర్నింగ్ కౌన్సిల్‌కి చాలా ఏళ్లు అధ్యక్షుడు రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన. 1979లో అమెరికాలో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి ఆయనే మొదటి డైరెక్టర్, దానికి డబ్బు సాయం చేసింది వెస్టింగ్‌హౌస్ కంపెనీ. బాగానే నడిచింది. తర్వాత 2015 ఫిబ్రవరిలో ఉబర్ అదే యూనివర్సిటీతో భాగస్వామ్యం ప్రకటించింది. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ కిందే ఉన్న ఇంజినీరింగ్ సెంటర్ నుంచి దాదాపు 40 మంది ఉబర్‌లో చేరిపోయారు. పిల్లనడగడానికి వచ్చి ఇల్లే ఖాళీ చేసినట్టుంది కదా!

ఉద్యోగం మారడం తప్పని నేననను, నేనూ సాఫ్ట్‌వేర్ వదిలేసి వచ్చినవాణ్ణే. కానీ కంపెనీ వెళ్లిపోయాక యూనివర్సిటీలో ఏం మిగిలింది అన్నదే నా లెక్క. మన దగ్గర ఆ ఫొటోలు, పేర్లు మిగిలాయి. ఇంకో కాలేజీ పిల్లలు కూడా రిజిస్టర్ చేసుకుని దించుకోవచ్చు.

2020లో ఇంటెల్, ట్రిపుల్ ఐటీ, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్, తెలంగాణ ప్రభుత్వం కలిసి ఐనై అనే సెంటర్ పెట్టాయి. అందులోంచి వచ్చిందే ఐరాస్తే ప్రాజెక్ట్. 2021లో నాగపూర్‌లో మొదలై, తర్వాత మన ఆర్టీసీ బస్సుల దాకా వచ్చింది. ఎదురుగా ప్రమాదం ఉంటే డ్రైవర్‌కి అలర్ట్ ఇస్తుంది. అలర్ట్‌లు మాటిమాటికీ వచ్చే చోట్లను గ్రే స్పాట్స్ అంటారు, అంటే ఇంకా యాక్సిడెంట్లు జరగలేదు గానీ జరిగేలా ఉన్న మలుపులు.

ఆ మలుపుల గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తా. ఉంటా మరి.