దెయ్యాల వేట.. ప్రాణాలకు చేటు

పాడుబడిన కోటలు, మూతపడిన బంగళాలు, ఊరవతలి శ్మశానాల్లో అర్ధరాత్రి వేళ కెమెరాలు పట్టుకొని తిరగడం యువతలో ఒక సరదాగా మారింది. టీవీ కార్యక్రమాలతో మొదలైన ఈ మోజు యూట్యూబ్ వీడియోల పుణ్యమా అని పల్లెల దాకా పాకింది. దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న చర్చ ఎలా ఉన్నా, వాటిని వెతికే క్రమంలో ఎదురయ్యే ముప్పు మాత్రం ఊహాజనితం కాదు. కాళ్లు విరగడం, పాము కాటు వంటివి కంటికి కనిపిస్తాయి. మనసుకు తగిలే దెబ్బ కనిపించదు గనుక దానిని పట్టించుకొనేవారు తక్కువ.

దెయ్యం రైలు కోసం వెళ్తే...

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, స్టేట్స్‌విల్ పట్టణ సమీపంలో బోస్టియన్ రైలు వంతెన ఉంది. 1891 ఆగస్టు 27 తెల్లవారుజామున ప్రయాణికుల రైలొకటి ఈ వంతెన పైనుంచి పడిపోగా ఇరవై మందికి పైగా మృతి చెందారు. ఏటా అదే తేదీన, అదే వేళకు ఆ రైలు చప్పుడు, క్షతగాత్రుల ఆర్తనాదాలు వినిపిస్తాయని అక్కడి వారు కథలుగా చెప్పుకొంటారు. 2010 ఆగస్టు 27న చీకటితోనే సుమారు పది పన్నెండు మంది దానిని వినేందుకు వంతెనపైకి చేరారు. వచ్చింది దెయ్యం రైలు కాదు, అసలు రైలే. తప్పించుకొనేందుకు అందరూ వంతెన చివరకు పరుగులు తీశారు. 29 ఏళ్ల యువకుడు ఒకరు రైలు ఢీకొని ప్రాణాలు కోల్పోగా, వంతెన పైనుంచి పడి ఒక మహిళ గాయపడ్డారు.

ఈ సంఘటనను దురదృష్టంగా మాత్రమే చూడలేం. దెయ్యాలున్నాయని పేరుపడిన చోట్లు చాలావరకు ఒకప్పుడు ప్రమాదాలు జరిగినవే. మెట్లు లేని బావి, కనిపించని మలుపు, కాపలా లేని రైలు పట్టాలు, ఆనాటి మరణానికి కారణమైనది ఏదైనా ఈనాటికీ అక్కడే ఉంటుంది. చీకట్లో, నిద్రలేమితో, కెమెరా తెరపై చూపు నిలిపి నడిచేవారికి అది మరింత సులువుగా ఎదురవుతుంది.

తెలుగు నేలపై మొదటి శత్రువు పాము

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది మరణించారని పరిశోధకుల అంచనా. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఈ మరణాలు అధికంగా నమోదైన రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. రాళ్ల గుట్టలు, ఎలుకల కలుగులు, పొదలు ఉన్న శిథిల భవనాలు నాగుపాము, రక్తపింజర, చిన్నపింజర, కట్లపాములకు అనువైన నివాసాలు. వీటిలో కట్లపాముతో చిక్కు వేరు. అది రాత్రిపూటే తిరుగుతుంది. కాటు వేసిన చోట నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్ని గంటల తరువాత కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. పాడుబడిన ఇంటికి వెళ్లి వచ్చిన యువకుడిలో ఈ లక్షణాలు కనిపిస్తే గాలి సోకిందని భూతవైద్యుడి వద్దకు తీసుకెళ్లే ప్రమాదం ఉంది. విషానికి విరుగుడు మందు ఆస్పత్రిలోనే దొరుకుతుంది. ఆలస్యమయ్యే ప్రతి గంటా విలువైనదే.

పాత బావులు, నేలమాళిగల్లో గాలి ఆడదు. కుళ్లిన ఆకులు, చెత్త నుంచి వెలువడే వాయువులు అడుగున పేరుకుంటాయి. దిగిన వ్యక్తి స్పృహ తప్పితే, రక్షించబోయిన రెండో వ్యక్తీ అక్కడే కూలిపోతాడు. గబ్బిలాల రెట్ట ధూళిలో ఉండే హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం ఊపిరితిత్తులకు వ్యాధి తెస్తుంది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. కొందరు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు మోగగానే దెయ్యం వచ్చిందని సంబరపడతారు. నిజానికి అది గోడలో ఇంకా కరెంటు ప్రవహిస్తున్న తీగ ఉందన్న హెచ్చరిక కావచ్చు.

మనసు ఆడే ఆట

1997లో ఇద్దరు అమెరికా పరిశోధకులు 22 మందిని రెండు జట్లుగా విడదీసి ఒకే నాటకశాలలో తిప్పారు. అక్కడ దెయ్యాలున్నాయని ఒక జట్టుకు, మరమ్మతులు జరుగుతున్నాయని రెండో జట్టుకు చెప్పారు. వింత అనుభవాలు అధికంగా కలిగినది మొదటి జట్టుకే. 1998లో బ్రిటన్ ఇంజినీరు విక్ టాండీ, తన ప్రయోగశాలలో కలిగిన భయానికి, కంటి కొసన కనిపించిన నీడకు ఒక ఫ్యాను నుంచి వెలువడిన, చెవికి వినిపించని సుమారు 19 హెర్ట్జ్ ధ్వని కారణమని రాశారు. అయితే 2009లో ప్రచురితమైన లండన్ ప్రయోగంలో అటువంటి ధ్వని ఉన్నా లేకున్నా ఫలితంలో తేడా రాలేదు. సూచనకు లొంగే స్వభావమే అసలు కారణమని పరిశోధకులు భావించారు. భయాన్ని వెంట తీసుకెళ్లేది చాలావరకు వెళ్లిన మనిషే.

ఆ భయం అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. రాత్రుళ్లు మేల్కోవడం వల్ల నిద్ర క్రమం తప్పి, మెలకువ వచ్చినా శరీరం కదలని స్థితి కొందరికి కలుగుతుంది. గుండెపై ఎవరో కూర్చున్నట్టు, గదిలో ఎవరో నిలబడినట్టు అనిపించే ఈ నిద్ర పక్షవాతం వైద్యులకు సుపరిచితమే. దానినే దెయ్యం వెంటబడిందనడానికి రుజువుగా భావించినవారు నిద్రకే భయపడతారు, దాంతో సమస్య ముదురుతుంది. ఆప్తులను కోల్పోయిన దుఃఖంలో ఉన్నవారు, ఆందోళన వ్యాధితోనో, లేని మాటలు వినిపించే మానసిక రుగ్మతతోనో బాధపడుతున్నవారు ఇటువంటి చోట్లకు వెళ్లడం మరింత హానికరం. గొంతులు వినడమే పనిగా పెట్టుకొన్న బృందంలో, గొంతులు వినిపిస్తున్నాయని చెప్పే వ్యక్తికి చికిత్స అవసరమని ఎవరికీ తట్టదు.

ఒక్కోసారి 'దెయ్యం' కబురే ప్రాణం కాపాడుతుంది. అమెరికాలో ఒక కుటుంబానికి ఇంట్లో అడుగుల చప్పుడు, వింత ఆకారాలు, తలనొప్పి పీడగా మారాయి. లోపభూయిష్టమైన కొలిమి నుంచి వస్తున్న కార్బన్ మోనాక్సైడే కారణమని తేలిన ఆ ఉదంతం 1921లో వైద్య పత్రికలో వచ్చింది. మూసిన గదిలో జనరేటరో బొగ్గుల కుంపటో పెట్టుకొని రాత్రి గడిపేవారికి ఇదే వాయువు ముప్పుగా పరిణమిస్తుంది.

చట్టం.. గ్రామస్థులు

రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటలోకి సూర్యాస్తమయం తరువాత ప్రవేశాన్ని నిషేధిస్తూ పురావస్తు శాఖ బోర్డు పెట్టింది. దానిని దెయ్యాలకు సర్కారు ధ్రువీకరణగా ప్రచారం చేసేవారు ఉన్నారు గాని, రక్షిత కట్టడాలను రాత్రివేళ మూసివేయడం సాధారణ నిబంధనే. ఇతరుల స్థలంలోకి అక్రమంగా చొరబడితే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ వర్తిస్తుంది. పట్టాలపై తిరిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

పోలీసుల కన్నా ముందు ఎదురయ్యేది ఊరివారు. గుప్తనిధుల తవ్వకాలు, చేతబడి అనుమానాలు ఉన్న పల్లెల్లో అర్ధరాత్రి టార్చిలైట్లతో తిరిగే అపరిచితులను ఎవరైనా దొంగలుగానో, క్షుద్రపూజలు చేసేవారిగానో అనుకొంటారు. వివరణ ఇచ్చుకొనే వ్యవధి చిక్కకపోవచ్చు.

గాయపడినా, పాము కరిచినా 108కు ఫోన్ చేయాలి. కాటు పడిన అవయవాన్ని కదపకుండా ఉంచాలి, కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం తగదు. భయం, నిద్రలేమి రోజుల తరబడి వదలకపోతే టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే ఉచితంగా సలహా పొందవచ్చు.