తండ్రి పరదేశి, బిడ్డ పౌరుడు

అమెరికా గడ్డమీద పుట్టిన బిడ్డ పుట్టిన గడియనుండియే ఆ దేశపు పౌరుడగునని మన పల్లెటూళ్లలో సైతము అందరికిని తెలియును; కాని ఆ బిడ్డను కని పెంచిన తండ్రిని, అతడు ముప్పది యేండ్లు ఆ నేలమీదనే చెమటోడ్చి బ్రతికినవాడైనను, ఒకనాటి ఉదయమున పనికి పోవుచుండగా పట్టుకొని దేశపు పొలిమేర దాటించివేయుటకు బిడ్డ పౌరసత్వము అడ్డు కాదని తెలిసినవారు తక్కువ. నేను అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్సు నగరమున చాల కాలముగా కాపురముండువాడను. మెక్సికో సరిహద్దు ఇక్కడికి కారులో సుమారు మూడు గంటల దూరము. ఇంటినుండి ఫోను చేయు మా మేనమామ ఈ మధ్య తరచుగా అడుగుచున్నాడు: "కాగితాలు లేకుండా వచ్చినవాళ్లను పంపించేస్తే తప్పేముందిరా?" ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము కావలెనన్న నేటి వార్తాపత్రికలు చాలవు. నూటముప్పది యేండ్లు వెనుకకు పోవలెను.

పశ్చిమతీరమున రైలుమార్గములు వేయుటకును, సియెర్రా నెవాడా కొండలు తొలుచుటకును చీనా కూలీలు అవసరమైనంత కాలము వారిని రానిచ్చి, పని ముగిసి కూలిరేట్లకు పోటీ యేర్పడగానే 1882లో వారి ప్రవేశమును నిషేధించిరి. 1892 నాటి గియరీ చట్టము ఇంకను ముందుకు పోయి, అంతకుమునుపే స్థిరపడియున్న చీనా శ్రామికులందరును నివాస ధ్రువపత్రమును పొందవలెననియు, లేనివారిని పట్టి పంపివేయవలెననియు, పత్రము తీసికొనకపోవుటకు తగిన కారణము గలదని చెప్పుకొనువాడు తన పూర్వనివాసమును కనీసము ఒక తెల్లజాతి సాక్షిచేత రుజువు చేయింపవలెననియు శాసించెను. న్యూయార్కున నివసించుచున్న ఫాంగ్ యూ టింగ్ మొదలగు ముగ్గురు దీనిని ప్రతిఘటించి న్యాయస్థానమున కెక్కిరి. వారిలో నొకనికి సాక్షులు లేకపోలేదు. కాని వారు చీనీయులు. 1893 మే 15వ తేదీన సుప్రీముకోర్టు అయిదుగురు ఒకవంక, ముగ్గురు ఒకవంకగా విడిపోయి తీర్పు చెప్పినది. జస్టిస్ హోరేసు గ్రే వ్రాసిన ఆ తీర్పు ప్రకారము దేశబహిష్కారము నేరమునకు విధించు శిక్ష కాదు. పరదేశి నివాసమునకు ప్రభుత్వము పెట్టిన షరతులను అమలుజరుపు పద్ధతి మాత్రమే. ఇల్లువాకిళ్లనుండి, జీవనోపాధినుండి మనుష్యుని పెకలించి సముద్రము దాటించుట శిక్షయే యని జస్టిస్ బ్రూయరు గట్టిగా విభేదించెను గాని, మైనారిటీ మాట చట్టము కానేరదు.

అయిదేండ్లు గడచెను. శాన్ ఫ్రాన్సిస్కోలో చీనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అను వంటవాడు తల్లిదండ్రుల దేశమునకు పోయి తిరిగి రాగా, నీవు ఈ దేశపువాడవు కావని రేవులో ఆపిరి. 1898లో ఆ వ్యాజ్యమును నిర్ణయించుచు, రాజ్యాంగపు పదునాలుగవ సవరణ ననుసరించి ఈ నేలమీద పుట్టినవాడు ఈ దేశపు పౌరుడేయని తీర్పు వ్రాసినవాడు ఎవరు? ఆ హోరేసు గ్రేయే. ఒకే కలము అయిదేండ్ల యెడములో తండ్రి కాలిక్రింది నేలను లాగివేసి, అదే నేలను బిడ్డకు జన్మహక్కుగా ధారపోసినది. నేడు ఒకే కప్పు క్రింద బ్రతుకుచున్న లక్షలాది కుటుంబములు ఈ రెండు తీర్పుల నడుమ చీలియున్నవి. అమెరికా వలస చరిత్రలో ఇంతకంటె ఆర్భాటమైన ఘట్టములు పెక్కు గలవు; ఇంతకంటె ముఖ్యమైనది లేదని నా నిశ్చితాభిప్రాయము.

శిక్ష కాదన్న ఆ ఒక్క మాటనుండియే తక్కినదంతయు పుట్టినది. శిక్ష కాదు గనుక, దొంగతనము చేసిన పేదవానికి సైతము ప్రభుత్వ వ్యయముతో లభించు వకీలు బహిష్కారము నెదుర్కొను పరదేశికి లభింపడు. శిక్ష కాదు గనుక జ్యూరీ లేదు. విచారణ జరుపు న్యాయమూర్తి స్వతంత్ర న్యాయవ్యవస్థకు చెందినవాడు కాడు, అటార్నీ జనరలు క్రింది ఉద్యోగి.

అయినను కాలమునకు విలువ యిచ్చిన దినములు ఈ దేశమునకు లేకపోలేదు. 1891 నాటి చట్టము అక్రమముగా ప్రవేశించినవానిని ఏడాదిలోపల మాత్రమే పంపవచ్చునని గడువు పెట్టినది. తరువాతి చట్టములు దానిని పెంచుకొనిపోగా 1917 నాటికి చాల తరగతులవారికి ఆ గడువు అయిదేండ్లయినది. గడువు దాటి నిలద్రొక్కుకొన్న వానిని, కొన్ని నేరముల సందర్భమున దప్ప, కదపకుండిరి. దేశములవారీగా కోటాలు విధించిన 1924 చట్టము వీసా లేక వచ్చినవారి విషయమున ఈ గడువును తుడిచివేసెను. సరిహద్దు పోలీసు దళము ఏర్పడినదియు ఆ యేడే. ఇది ఐరోపానుండి వచ్చినవారికి సైతము తగులుటచే కాబోలు, 1929లో కాంగ్రెసు రిజిస్ట్రీ యను ఏర్పాటొకటి చేసినది: 1921 జూన్ 3కు ముందు వచ్చి, సత్ప్రవర్తనతో ఇచ్చటనే ఉండిపోయినవాడు, ఎట్లు వచ్చినను సరే, రుసుము చెల్లించి శాశ్వత నివాసి కావచ్చును. మేలు పొందినవారిలో అత్యధికులు ఐరోపా, కెనడా దేశీయులు. పౌరసత్వమున కనర్హులని ముద్రవేయబడిన ఆసియావారికి ఆ ద్వారము మూసియే యున్నది. ఆ లోపము క్షమింపరానిదైనను, అందలి సూత్రము గొప్పది. దీర్ఘనివాసము తనంత తాను ఒక హక్కుగా పరిపక్వమగునని ఒక మహారాజ్యము చట్టమున వ్రాసికొన్నది. ఆ తేదీని 1940లో ఒకమారు, 1958లో ఒకమారు, 1965లో ఒకమారు ముందుకు జరిపిరి. 1986లో రీగన్ ప్రభుత్వకాలమున దానిని 1972 జనవరి 1కి తెచ్చిరి. నాటినుండి నేటివరకు అది అక్కడనే నిలిచియున్నది.

ఇక మెక్సికోవారి కథ. 1924 కోటాలు వారికి వర్తింపలేదు. పొలములకు వారు కావలసియుండిరి. 1930 తరువాత ఆర్థికమాంద్యమున పనులు కరవుకాగా, లక్షలమందిని, అందు ఇచ్చటనే పుట్టిన పౌరులను సైతము, రైళ్లలో ఎక్కించి దక్షిణమునకు తరలించిరి. 2005లో కాలిఫోర్నియా రాష్ట్రము ఇందులకు చట్టరూపమున క్షమాపణ చెప్పుకొన్నది. యుద్ధము రాగానే 1942లో మరల పిలిచిరి. బ్రసేరో యను ఆ కూలీల ఒడంబడిక 1964 వరకు సాగినది. మన తెలుగువారికి తలుపులు తెరచిన 1965 చట్టమే పశ్చిమార్ధగోళమునకు మొట్టమొదటిసారిగా సంఖ్యాపరిమితి విధించినదని మనలో ఎంతమంది ఎరుగుదురు? ఇరువది రెండేండ్లు పిలిచి అలవాటు చేసిన దారికి ఒక్కమారుగా గేటు వేయగా, పని ఉన్నంతవరకు మనుష్యులు ఆ గేటు ప్రక్కనుండి వచ్చుచునే యుండిరి.

1986 నాటి చట్టముచేత సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత లభించెను. పది యేండ్లకు, 1996లో, క్లింటన్ సంతకము చేసిన చట్టము మరల బిగించెను. అంతకుముందు ఏడేండ్లు నివసించి, పంపివేసినచో తీవ్రకష్టము కలుగునని చూపినవానికి న్యాయమూర్తి మినహాయింపు ఈయగలిగెడివాడు. ఇప్పుడు పది యేండ్లు కావలెను. తన కష్టము లెక్కకు రాదు. పౌరులో శాశ్వత నివాసులో అయిన భార్యకు గాని, బిడ్డలకు గాని, తల్లిదండ్రులకు గాని అసాధారణమును, అత్యంత విరళమును అయిన కష్టము కలుగునని రుజువు చేయవలెను. ఇట్టి మినహాయింపులు దేశమంతటికి ఏడాదికి 4,000 మించరాదు. పదునాలుగవ యేట వచ్చి, ఇరువది యేండ్లు నివసించి, ఇచ్చట పుట్టిన ఇద్దరు బిడ్డలను తన రెక్కల కష్టముతో పోషించుచున్న తండ్రి యొకడు మొరపెట్టుకొనగా, 2001లో వలస అప్పీళ్ల మండలి ఆ కష్టము చాలదన్నది. తండ్రి దూరమైనచో పిల్లలు బాధపడుట సహజమట. సహజమైన బాధ చట్టమునకు ఆనదు.

దీని అర్థము నాకు మా యెదురింట తెలిసినది. ఆ గృహస్థు సొనోరా సీమనుండి యౌవనమున వచ్చినవాడు. ఇండ్ల పైకప్పులు వేయువాడు. ఇచ్చటి వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికే నిచ్చెన బండికెత్తుకొని పోవుట నేను చూచుచుండువాడను. కారు వెనుక దీపము వెలుగలేదని ఒకరాత్రి పోలీసులు ఆపుటతో మొదలై, వ్యవహారము నోటీసువరకు, విచారణ తేదీవరకు వచ్చినది. పది యేండ్ల అవిచ్ఛిన్న నివాసమునకు సాక్ష్యములు కావలెనని, భోజనపు బల్లమీద ఏడాదికొక దొంతరగా ఇంటి అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, ఆదాయపు పన్ను కాగితములు, పిల్లల టీకా కార్డులు, బడి మార్కుల పట్టికలు పేర్చిరి. తేదీలు వరుస పెట్టుటకు నేనును కూర్చుంటిని. ఒక యేట రెండు నెలలకు కాగితము దొరకలేదు. చిన్నవానికి పన్ను పీకించిన బిల్లు ఒకటి అలమారలో ఉన్నదని ఇల్లాలికి జ్ఞాపకము వచ్చి, ఆ సందు పూడినది. ఇంతలో వకీలు ఫోను చేసి, పిల్లలలో ఎవరికైనను పెద్ద జబ్బేదైన ఉన్నదా అని అడిగెను. చిన్నవానికి ఉబ్బసము. పెద్దవాడు పరుగున పోయి మందుచీటీలు తెచ్చి, తమ్ముని ఎన్నిమార్లు అర్ధరాత్రి ఆసుపత్రికి తీసికొనిపోయిరో వ్రాయ మొదలుపెట్టెను. ఆ చీటీలను చూచినప్పుడు ఆ తల్లి ముఖమున కనబడినది ఊరట. కన్నబిడ్డ రోగమును చూచి తల్లి ఊరట చెందవలసిన స్థితిని కల్పించిన చట్టమును నేను ధర్మమని ఒప్పుకొనజాలను. వారి వ్యాజ్యము ఇంకను వాయిదాలలో నున్నది.

పెద్దకొడుకునకు 21 యేండ్లు నిండగానే తండ్రికొరకు దరఖాస్తు పెట్టవచ్చునుగదా యని మనవారందురు. పెట్టవచ్చును. కాని తనిఖీ లేకుండ సరిహద్దు దాటినవాడు సాధారణముగా దేశము విడిచి పోయి వీసా తెచ్చుకొనవలెను. ఏడాదికి మించి అనుమతి లేక ఉన్నవాడు అట్లు విడిచిన క్షణమున పది యేండ్ల నిషేధము తలమీద పడును. ఆ నిషేధమును మాఫీ చేయించుకొనుటకు భార్య కష్టమును, తల్లిదండ్రుల కష్టమును చూపవచ్చును. బిడ్డ కష్టము చూపుటకు వీలు లేదు.

మనము వీసాలతో వచ్చినవారము, మనకిది పట్టదు అనువారికి రెండు సంగతులు చెప్పవలసియున్నది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున హిందూదేశీయులు తెల్లవారు కారని సుప్రీముకోర్టు నిర్ణయించుటతో, అప్పటికే పౌరసత్వము పొందియున్న మనవారి పౌరసత్వములను ఊడబెరికిరి. వారిలో నొకడైన వైష్ణోదాస్ బగాయ్ ఆ అవమానమును భరింపలేక 1928లో ప్రాణము తీసికొనెను. ఆయన కాగితములన్నియు సక్రమమైనవే. రెండవది మన యింటి కథ. కోరంగి రేవు పేరిట కోరంగివారని పిలువబడుచు తరములకొలది రంగూనులో బ్రతికిన తెలుగువారు 1964 తరువాత కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు వారి పేరనే వెలసినది. ఇవి గడచిన కథలే గదా యనుటకును వీలులేదు: 2025 జనవరిలో వెలువడిన అధ్యక్షాజ్ఞ, కాగితములు లేని వారి బిడ్డలతోపాటు తాత్కాలిక వీసాలమీద నున్నవారి బిడ్డలకును జన్మపౌరసత్వమును నిరాకరింపబూని న్యాయస్థానముల పాలైనది. హెచ్-1బి వీసామీద నున్న మన పిల్లలకు పుట్టు బిడ్డలును ఆ జాబితాలోనివారే.

ఈ దేశమునకు క్రొత్త ధర్మశాస్త్రమేదియు అక్కరలేదు; తాను 1929లో వ్రాసికొన్న రిజిస్ట్రీయందు ఒక్క తేదీని మార్చుకొన్న చాలును. ఏడేండ్లు నివసించినవారికెల్ల వర్తించునట్లు దానిని సవరింపవలెనని 2022లో కాంగ్రెసున బిల్లు ప్రవేశపెట్టబడినది, చట్టము కాలేదు. మీ కొడుకులలో, కోడండ్రలో, మేనల్లుండ్రలో అమెరికా పౌరులై ఓటుహక్కు గలవారు ఎందరో ఉన్నారు. ఈసారి ఫోనులో మాటాడునప్పుడు, వారి కాంగ్రెసు సభ్యునకు ఈ తేదీని గూర్చి ఒక్క ఉత్తరము వ్రాయుమని వారితో చెప్పుడు.