డిస్లెక్సియా - ఆరవ తరగతి

డిస్లెక్సియా అనగా తగినంత తెలివితేటలు ఉన్నప్పటికీ చదవడంలోను, తప్పులు లేకుండా వ్రాయడంలోను కలిగే ఇబ్బంది. ఇది సోమరితనం కాదు.

ఆరవ తరగతిలో మార్పులు
ఒక్కో పాఠ్యాంశానికి ఒక్కో ఉపాధ్యాయుడు వస్తారు. పాఠాలు పెద్దవవుతాయి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో సాధారణంగా హిందీ లిపి కూడా ఇక్కడే మొదలవుతుంది. తెలుగులో మ-వ, ద-ధ వంటి పోలిక గల అక్షరాలు, ఒత్తులు ఇంకా తికమక పెడుతుండగానే మూడవ లిపి వచ్చి చేరుతుంది.

సహాయం
* తల్లిదండ్రులు మొదటి వారంలోనే ఉపాధ్యాయులందరికీ విషయం తెలియజేయాలి.
* పాఠాన్ని ముందురోజే ఇంట్లో చదివి వినిపించాలి.
* అడగకుండా తరగతిలో బిగ్గరగా చదివించరాదు.
* విషయ పరిజ్ఞానాన్ని నోటి ప్రశ్నలతో పరీక్షించాలి.

చట్టం
2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. ధ్రువపత్రం పొందినవారు పబ్లిక్ పరీక్షలలో అదనపు సమయం, లేఖకుని సహాయం కోరవచ్చును.