సికందర్ – షాండోర్: ఒక పేరు నడిచి వచ్చిన దారి

నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా సికింద్రాబాదు పోయే దారి జంటనగరాలలో మిక్కిలి రద్దీ గల దారులలో ఒకటి. చిక్కడపల్లి బజారు దాటి, అశోక్ నగర్ వీధులను ఎడమ చేతికి విడిచి, ఆర్టీసీ చౌరస్తా మీదుగా ముందుకు సాగితే ముషీరాబాదు వస్తుంది. ఆపైన సికింద్రాబాదు. ఈ చివరి రెండు ఊళ్ళ పేర్లు ఒకదాని తరువాత ఒకటి రావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ పేర్ల వెనుక నిలిచిన ఇద్దరు మనుషుల బిరుదులను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు విచిత్రమైన సంగతి బయటపడుతుంది.

ముషీరాబాదు పేరు ముషీరుల్ ముల్క్ అన్న బిరుదు నుండి పుట్టింది. ఆ బిరుదు వహించినవాడు రెండవ నిజాం దీవాను గులాం సయ్యద్ ఖాన్. ఆయనకే అరస్తూ జాహ్ అన్న మరో బిరుదు కలదు. అరస్తూ అనగా గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. సికింద్రాబాదు పేరు మూడవ నిజాం సికందర్ జాహ్ (పాలన 1803–1829) నుండి వచ్చింది. సికందర్ అనగా ఆ అరిస్టాటిల్ శిష్యుడైన అలెగ్జాండరు. దీవాను గురువు పేరును, ప్రభువు శిష్యుని పేరును ధరించారన్నమాట. అరస్తూ జాహ్ మనుమరాలు సికందర్ జాహ్‌కు భార్య అయినందున ఆ బంధం బిరుదులతోనే ఆగిపోలేదు. ఆనాటి బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పూర్తి పేరులో 'అఖిలీస్' అన్న గ్రీకు వీరుని పేరు కూడా ఉన్నదని గుర్తు చేసుకుంటే, పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో హైదరాబాదు దర్బారు మాసిడోనియా కొలువువలె తోస్తుంది!

ఈ సికందర్ అన్న పేరు మన కుటుంబాలలో నేటికీ పెడుతూనే ఉన్నారు. దానిపై రెండు రకాల మాటలు వినవస్తూ ఉంటాయి. బహుదైవారాధకుడైన ఒక గ్రీకు రాజు పేరు ముస్లిం బిడ్డకు ఎందుకు, మార్చివేయవలెనని కొందరు. సికందర్ అంటే దివ్య ఖుర్ఆన్‌లో ప్రస్తావించబడిన జుల్‌ఖర్‌నైనే గదా, అంతకంటె మంచి పేరు ఏది అని మరికొందరు. ఈ రెండు వాదాలకూ చరిత్రలో గట్టి ఆధారం లేదు. ఆ సంగతి తేలవలెనంటే ఆ పేరు వెంట కొంత దూరం నడవవలసి ఉంటుంది.

హంగరీ దేశంలో షాండోర్ అన్నది తరతరాలుగా ఇంటింటా వినిపించే పేరు. మనలో సుబ్బారావు ఎట్లాగో, మస్తాన్ ఎట్లాగో అక్కడ షాండోర్ అట్లా. ముద్దుగా షాన్యి అంటారు. హంగేరియనులు తెలుగువారివలెనే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక చెప్పుకుంటారు. వారి జాతీయ కవి పెతోఫి షాండోర్ (1823–1849). 1848 మార్చి విప్లవంలో తన గీతంతో పెస్ట్ నగరాన్ని కదిలించి, మరుసటి సంవత్సరమే రణరంగంలో అదృశ్యమయినవాడు. లండను చేరి అలెగ్జాండర్ కోర్డాగా ప్రసిద్ధికెక్కి, మైసూరు మావటి కుటుంబపు కుర్రవాడు సాబును లోకానికి పరిచయం చేసిన చిత్రనిర్మాత కూడా పుట్టుకతో షాండోరే.

షాండోర్, సికందర్ ఒకే పేరు. గ్రీకులో మూలరూపం అలెగ్జాండ్రోస్. 'మనుషులను కాపాడువాడు' అని అర్థం. అరబ్బులు ఈ పేరు విని, మొదటి 'అల్' తమ భాషలోని ఉపపదమనుకొని విడదీశారు. క-స ధ్వనులు తారుమారై 'ఇస్కందర్' అయింది. పారసీకంలో, హిందుస్తానీలో ముందరి ఇకారం కూడా పోయి సికందర్ మిగిలింది. ఇటలీ వారి అలెస్సాండ్రో తల తెగి హంగరీలో షాండోర్ అయింది. అటు అరబ్బులు, ఇటు మగ్యారులు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే పేరుకు ఒకే చోట కత్తెర వేశారు. అబ్దుర్రహ్మాన్‌ను రహ్మాన్ అని కుదించే మన అలవాటును ధర్మవేత్తలు ఆక్షేపిస్తారు. సికందర్ విషయంలో అటువంటి చిక్కు ఏదీ లేదు.

ఈ పేరు మన దేశానికి ముస్లిములతో వచ్చినదని అనుకోవడం కూడా సరికాదు. అశోక్ నగర్ అన్న మాట వినగానే స్ఫురించే మౌర్య చక్రవర్తి అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో సమకాలికులైన ఐదుగురు గ్రీకు రాజులను పేర్కొన్నాడు. వారిలో ఒకడు 'అలికసుదర'. అతడు మాసిడోనియా జగజ్జేత కాడు, ఆ తరువాతి తరాలవాడైన మరొక అలెగ్జాండరు. ఆ శాసనాల వరుసకు చెందిన రాళ్ళు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉన్నాయి. ప్రవక్త మహనీయుల (సఅసం) ఆగమనానికి ఎనిమిది శతాబ్దాలకు పైగా ముందే ఈ పేరు భారతదేశపు రాతి మీదికి ఎక్కింది.

ఇక అసలు ప్రశ్న. కహఫ్ సూరా 83 నుండి 98 వరకు గల ఆయతులలో జుల్‌ఖర్‌నైన్ వృత్తాంతం ఉన్నది. అల్లాహ్ ఆయనకు భూమిపై అధికారం ప్రసాదించాడు. ఆయన పడమటికి, తూర్పునకు ప్రయాణించాడు. యాజూజ్ మాజూజ్‌ల బారి నుండి ఒక జాతిని కాపాడటానికి ఇనుప పలకలతో, కరిగించిన రాగితో అడ్డుగోడ నిర్మించాడు. అది తన గొప్ప కాదని, తన ప్రభువు కారుణ్యమని చెప్పాడు. ఖుర్ఆన్ ఆయన అసలు పేరు చెప్పలేదు. సికందర్ అన్న మాట ఖుర్ఆన్‌లో ఎక్కడా లేదు.

ఆయన అలెగ్జాండరే అన్న అభిప్రాయం వ్యాఖ్యాతలలో బాగా వ్యాపించిన మాట నిజం. ఇమాం ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం హి. 606) ఆ వైపు మొగ్గినవారే. అయితే ఆయనే ఒక బలమైన ఆక్షేపణను కూడా దాచకుండా వ్రాశారు: అలెగ్జాండరు అరిస్టాటిల్ శిష్యుడు, గురువు మతమే అతని మతం, అల్లాహ్ అతనిని శ్లాఘించాడంటే అరిస్టాటిల్ మతమే సత్యమని ఒప్పుకోవలసి రాదా? ఇబ్ను తైమియా (మ. హి. 728), ఇబ్ను కసీర్ (మ. హి. 774) ఇద్దరూ ఆ గుర్తింపును నిరాకరించారు. జుల్‌ఖర్‌నైన్ వేరు, అరిస్టాటిల్‌ను వెంట బెట్టుకున్న మాసిడోనియా రాజు వేరు, ఇద్దరి నడుమ సుదీర్ఘమైన కాలం గడిచిందని ఇబ్ను కసీర్ నొక్కి చెప్పారు. అంతకు చాలా ముందే అల్ బిరూనీ యమన్‌కు చెందిన హిమ్యర్ రాజులలో ఒకరి వైపు మొగ్గాడు. మన కాలానికి వస్తే, 1930 దశకంలో అబ్దుల్లా యూసుఫ్ అలీ అలెగ్జాండరు పక్షాన నిలువగా, అదే దశకంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ పారశీక చక్రవర్తి సైరస్‌ను ప్రతిపాదించారు. మౌలానా మౌదూదీ కూడా సైరస్ వైపే మొగ్గుతూ, నిశ్చయంగా చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు.

ఇంతమంది పండితులు ఏకాభిప్రాయానికి రాని చోట ఒక బిడ్డ పేరును నిలబెట్టడం ఇసుక మీద గోడ కట్టడమే. పేరును కాపాడుకోవడం కోసం ఖుర్ఆన్‌కు లేని అర్థం అంటగట్టడం, పేరు మార్చుకోవడం కంటె పెద్ద పొరపాటు.

మరి ఈ పేరు మన ఇళ్ళలోకి ఏ ద్వారం గుండా వచ్చింది? పారసీక కావ్యద్వారం గుండా. ఫిర్దౌసీ షాహ్‌నామాలో సికందర్ దారా రాజుకు సవతి సోదరుడయ్యాడు. అనగా ఇరానును జయించినవాడిని ఇరానీయులు తమ ఇంటివాడిగా చేసుకున్నారు. ఓడిపోయిన జాతి తీర్చుకొనే తియ్యని ప్రతీకారమిది. నిజామీ గంజవీ తన సికందర్‌నామాలో అతనిని విజేతగా మొదలుపెట్టి, జ్ఞానాన్వేషిగా, చివరకు ప్రవక్తగా చిత్రించాడు. అమీర్ ఖుస్రో క్రీ.శ. 1299 ప్రాంతంలో ఢిల్లీలో 'ఆయినా-ఎ-సికందరీ' వ్రాశాడు. నిజామీ సికందర్‌నామా మన దేశపు మక్తబులలో శతాబ్దాల తరబడి పాఠ్యగ్రంథం. పారసీకం 1884 వరకు రాజభాషగా చెలామణి అయిన హైదరాబాదు రాజ్యంలో చదువుకున్న కుటుంబాలకు సికందర్ అన్న పేరు పాఠశాల నుండి వచ్చినదే గాని రణరంగం నుండి వచ్చినది కాదు.

ఆ పేరు పెట్టుకున్నవారిని జయం వరించిందా అంటే, చరిత్ర నవ్వుతుంది. సికందర్ లోదీ (1489–1517) సమర్థుడే. ఆగ్రాకు ప్రాముఖ్యం తెచ్చాడు, తానూ కవిత్వం వ్రాశాడు. కాని బీజాపూరు ఆదిల్‌షాహీ వంశపు చివరి సుల్తాను పేరు కూడా సికందరే. 1672లో పసితనంలో గద్దె ఎక్కి, 1686 సెప్టెంబరులో ఔరంగజేబుకు కోటను అప్పగించి బందీ అయ్యాడు. అదే నెలలో హంగరీ రాజధాని బూదాలో నూటనలభై అయిదేళ్ళ ఉస్మానీ పాలన అంతమయింది. షాండోర్‌ల దేశం ఒక సామ్రాజ్యం నుండి మరొక సామ్రాజ్యపు చేతికి మారుతున్న రోజులలోనే దక్కను సికందరు రాజ్యం కోల్పోయాడు. మన సికందర్ జాహ్ సంగతి తెలియనిది కాదు. 1798 ఒడంబడికతో ఇంగ్లీషు సైన్యం హుసేన్ సాగరుకు ఉత్తరాన తిష్ఠ వేసింది. 1806లో ఆ దండుకు నిజాం పేరు పెట్టారు. ప్రజలు మాత్రం చాలాకాలం దానిని 'లష్కర్' అనే పిలుచుకున్నారు. జగజ్జేత పేరు గల ప్రభువు రాజ్యంలో ఆయన పేరిట వెలసిన ఊరు పరాయి సైన్యానికి బస. ఏ బిరుదూ ఆ వాస్తవాన్ని కప్పిపుచ్చలేదు.

పేర్ల విషయంలో ఇస్లాం పాటించిన కొలబద్ద వేరు. ప్రవక్త (సఅసం) 'ఆసియా' (అవిధేయురాలు, ఫిరౌను భార్య పేరు వేరే అక్షరాలతో వ్రాయబడుతుంది) అన్న పేరును జమీలాగా మార్చారు. 'హజ్న్' (కరకు నేల) అన్న పేరు గల వ్యక్తికి 'సహల్' (మెత్తని నేల) అన్న పేరు సూచించారు. ఆయన తన తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడు, బలవంతం జరగలేదు. ఉమర్, ఉస్మాన్, ఖాలిద్ అన్న పేర్లు ఇస్లాంకు పూర్వం విగ్రహారాధకుల ఇళ్ళలో పెట్టినవే, వాటిని మార్చలేదు. అక్కడ చూచినది పేరు అర్థమే గాని, అంతకు ముందు దానిని ఎవరు ధరించారన్నది కాదు. 'మనుషులను కాపాడువాడు' అన్న అర్థంలో మార్చవలసినది ఏమీ కనిపించదు. కనుక సికందర్ అన్న బిడ్డకు జుల్‌ఖర్‌నైన్ సాక్ష్యం అవసరం లేదు. మాసిడోనియా రాజు నేరాలకు అతడు జవాబుదారీ కూడా కాడు.

ఆ పేరు ధరించినవారిలో ఆసియా ఖండాన్ని నిజంగా కాలినడకన దాటినవాడు ఒక హంగేరియనుడు. కొరోషి చోమా షాండోర్ 1784లో ట్రాన్సిల్వేనియాలో ఒక బీద కుటుంబంలో పుట్టాడు. జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో అరబీ చదివాడు. తన మగ్యారు జాతి పుట్టుక మధ్య ఆసియాలో ఎక్కడో దొరుకుతుందన్న నమ్మకంతో 1819 నవంబరులో ఇల్లు విడిచాడు. సికందర్ పేరనే వెలసిన ఇస్కందరియా రేవులో ప్లేగు ఎదురైంది. తప్పించుకొని హలబ్, మోసుల్, బగ్దాదుల మీదుగా టెహరాన్ చేరాడు. ఆ హలబ్‌లోనే అతనికి ఆరు వందల ఏళ్ళ ముందు భూగోళ శాస్త్రవేత్త యాఖూత్, హనఫీ ఫిఖహ్ చదువుకోవడానికి హంగరీ నుండి వచ్చిన ముస్లిం విద్యార్థులను కలిసి, వారి దేశపు విశేషాలు అడిగి వ్రాసుకున్నాడు. మగ్యారు దేశానికి, ఇస్లామీయ విద్యకు ఉన్న పరిచయం అంత పాతది.

టెహరాన్‌లో చోమా తన కాగితాలను దాచి, తూర్పుదేశపు దుస్తులు ధరించి, 1821 వసంతంలో బయలుదేరాడు. బుఖారా, కాబూల్, లాహోరు, కశ్మీరు దాటి 1822లో లద్దాఖ్ చేరాడు. ఈ ప్రాంతాలలో అతని పేరు సికందర్ బేగ్. ఆ పేరు అతనికి మారువేషం కాదు, సొంత పేరుకు అనువాదం మాత్రమే. మగ్యారుల మూలం అతనికి దొరకలేదు. దొరికినది టిబెటన్ భాష. జాంస్కార్ చలిలో లామాల వద్ద కూర్చొని నేర్చిన ఆ విద్య 1834లో కలకత్తాలో నిఘంటువుగా, వ్యాకరణంగా అచ్చయింది. ఐరోపాలో టిబెటన్ అధ్యయనానికి అదే పునాది. అతని ప్రశ్నలకు లామాలు వ్రాసి ఇచ్చిన జవాబులు 'అలెగ్జాండరు పుస్తకాలు' అన్న పేరుతో హంగరీ అకాడమీలో భద్రంగా ఉన్నాయి.

లాసాకు పోదామని బయలుదేరి, దారిలో జ్వరం తగిలి, 1842 ఏప్రిల్ 11న డార్జిలింగులో మరణించాడు. అక్కడి ఇంగ్లీషు అధికారి డాక్టరు క్యాంబెల్ అతని ఆస్తి లెక్కించాడు: నాలుగు పెట్టెల పుస్తకాలు, కాగితాలు, ఎప్పుడూ తొడుక్కొనే ఒక నీలం దుస్తుల జత, వంటకు ఒక గిన్నె.