మంత్రసాని చెయ్యి, డాక్టరు కత్తి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, సర్కారు దవాఖానాల్లో 44.5 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతమే. ఏ ప్రాంతంలోనూ ఇది 10–15 శాతం దాటడానికి కారణం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. దీన్ని డాక్టర్ల డబ్బాశగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. పురుడు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో కూడా చూడాలంటాం మేం.

మన ఊళ్లలో పురుళ్లు పోసింది ఎక్కువగా మాల, మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్లు. నెత్తురూ మాయా మైల అన్నారు గనకే ఆ పని వాళ్ల మీద పడింది. నొప్పులప్పుడు దొరసాని ఒంటి మీద చెయ్యి వెయ్యనిచ్చారు. పురుడు తీరాక అదే చెయ్యి తగిలితే అంటు అన్నారు. బొడ్డు కోసినందుకు గింజలు, పాత చీర పెట్టారు. ఆమె తెలివిని వాడుకున్నారు, అది తెలివి అని మాత్రం ఒప్పుకోలేదు.

వలస పాలన వచ్చి ఈ మైలకు 'మురికి' అని కొత్త పేరు పెట్టింది. 1885లో మొదలైన డఫ్రిన్ ఫండ్ ఆడ డాక్టర్లను తయారుచేస్తూ, దాయీలను దిద్దాలని చూసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926 చట్టం నర్సులకూ మంత్రసానులకూ రిజిస్టరు పెట్టింది. బడి గడప తొక్కనివ్వని కులాల ఆడవాళ్లు ఆ రిజిస్టరులో ఎట్లా ఎక్కుతారు? 1927లో కాథరిన్ మేయో 'మదర్ ఇండియా' దాయీని మురికికీ మూఢత్వానికీ బొమ్మగా నిలబెట్టింది. 1970లలో ప్రభుత్వమే దాయీలకు శిక్షణ ఇచ్చింది. 2005లో జననీ సురక్షా యోజనతో ఆసుపత్రి కాన్పే విధానమై, దాయీ పక్కకు పోయింది.

ఇంటి కాన్పే మేలని మేం అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, నెత్తురు ఆగకపోయినా మంత్రసాని చేతిలో ఏమీ లేదు. బండి దొరక్క, చేతిలో పైసా లేక మన వాడల ఆడవాళ్లు ఎందరో దారిలోనే పోయారు. అవసరమైన ఆపరేషన్ దళిత స్త్రీ హక్కు. అవసరం లేని కోత ఆమె మీద దౌర్జన్యం.

నొప్పులకు ఒక రాత్రంతా కాచుకోవాలి, ఆపరేషన్ గంటలో అయిపోతుంది, ఫీజూ ఎక్కువ. పైగా ముహూర్తాల పిచ్చి. పక్కన మనిషి లేకుండా బల్లమీద పడుకోబెడితే ఆడమనిషే భయపడి 'కొయ్యండి' అంటుంది. మొదటిది కోస్తే రెండోదీ చాలాసార్లు కోతే. బరువులెత్తి బతికే కూలి మనిషికి ఆ కుట్టంటే పోయిన కూలి, చేసిన అప్పు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలిచ్చింది: నొప్పులప్పుడు తిరగనివ్వండి, నచ్చిన భంగిమలో కాననివ్వండి, తోడు మనిషిని ఉంచండి. నడిపించడం, గొంతుక్కూర్చోబెట్టడం, నడుము పట్టుకుని ధైర్యం చెప్పడం మంత్రసాని చేసిన పనులే కదా! తెలంగాణ 2017లో మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది, 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ అది నర్సింగు చదివినవాళ్లకే. మంత్రసాని పేరు అందులో ఎక్కడుంది?

ఏ ఆసుపత్రిలో ఎన్ని కోతలు, ఏ కారణంతో చేశారో బయటపెట్టాలి. కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వాలి. మిడ్‌వైఫ్ చదువులో వాడల ఆడపిల్లలకు చోటుండాలి. బతికున్న మంత్రసానుల దగ్గరికి పోయి వాళ్ల మాట రాసుకోవడం మనలాంటివాళ్ల పని. వాళ్లు పోతే ఆ చరిత్ర రాసిచ్చేవాళ్లుండరు.